వేషం కడిగినా పోని తిట్టు

మునిప్రసాద్ మాస్టరుకు ఈ లోకంలో రెండిటి మీద గట్టి నమ్మకం. ఒకటి తిరుపతి గంగమ్మ తల్లి. రెండోది తన మెడలో వేలాడే ఈల. ఊరి బయట రేణిగుంట రోడ్డు వైపున్న ఒక ప్రైవేటు ఐటీఐలో ఆయన ఆటల మాస్టరు. పిల్లలు పరుగెత్తినా ఈల వేస్తాడు, పరుగెత్తకపోయినా ఈల వేస్తాడు. ఇంట్లో పాలు పొంగుతుంటే కూడా చెయ్యి ముందు ఈల మీదికే పోతుంది. "పొయ్యి ఆర్పయ్యా సామీ, పాలకి ఈల ఇనపడదు" అని భార్య చంద్రకాంతమ్మ వంటింట్లోకి పరుగెత్తుకొచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ఆ వేసవిలో ప్రిన్సిపాలు ఆయన్ని పిలిచి, "చిత్తూరులో ఒకరోజు శిక్షణ ఉండాదంట. చెడ్డ గుంపులు పిలకాయల్ని లాక్కుపోకుండా కాపాడుకునేది ఎట్లాగో చెప్తారంట. నువ్వు పో మునిప్రసాదూ. మిగతా వాళ్లకి పాఠాలుండాయి" అన్నాడు. ఆటల మాస్టరుకు పాఠాలుండవన్నది ఆ సంస్థలో అందరూ ఒప్పుకున్న సత్యం. మునిప్రసాద్ కూడా ఒప్పుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, గంగమ్మకు దండం పెట్టుకుని, చిత్తూరు బస్సెక్కాడు.

శిక్షణ ఇచ్చింది కృపామణి అనే ఆవిడ. పిల్లల రక్షణ శాఖలో చాలాకాలంగా పనిచేస్తున్న మనిషి. మాట మెత్తన, చూపు గట్టిది. పిల్లవాడు ఉన్నట్టుండి వేషం మార్చినా, పాత స్నేహితుల్ని వదిలేసినా, ఫోను దాచుకున్నా, ఎవరో నేర్పిన మాటల్ని పద్యంలా ఒప్పజెప్పినా, లోకాన్నంతా 'మేము, వాళ్లు' అని రెండు ముక్కలు చేసి మాట్లాడినా కాస్త కనిపెట్టి చూడమని ఆవిడ చెప్పింది. చెడ్డ గుంపంటే ఫలానా మతమో ఫలానా కులమో కాదనీ, ముఖం కూడా చూడని మనుషుల్ని మూకుమ్మడిగా ద్వేషించమని నేర్పే ఏ గుంపైనా అదేననీ చెప్పింది. మునిప్రసాద్ ముందు వరుసలో కూర్చుని తల ఊపుతూ ప్రతి మాటా మనసులో నాటుకున్నాడు.

ఆ తరవాత భోజనాలు పెట్టారు. చింతచిగురు పప్పు, ఉర్లగడ్డ వేపుడు, కత్తితో కోస్తే తెగేటంత గడ్డ పెరుగు. ఆ వడ్డించే పెద్దాయన "ఇంకొంచెం పోసుకోండి సార్, ఎండలో వచ్చినారు" అని ఎంత ప్రేమగా అడిగాడంటే, వద్దనడం మునిప్రసాద్‌కు పాపమనిపించింది. మధ్యాహ్నం ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని, చేతులు కట్టుకుని, ఏ ఆటంకమూ లేకుండా నిద్రపోయాడు. మెలకువ వచ్చేసరికి అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఆయనా కొట్టాడు.

జరిగిన పొరపాటు తిరుగు బస్సులో గానీ తెలియలేదు. గుర్తులు పొద్దున చెప్పారు. మందు మధ్యాహ్నం చెప్పారు.

అలా మునిప్రసాద్ మాస్టరు దొంగను ఎలా గుర్తుపట్టాలో నేర్చుకుని, పట్టుకున్నాక ఏం చెయ్యాలో తెలియని మనిషిగా తిరుపతిలో దిగాడు.

మొదట ఆయన కన్ను ఎలక్ట్రీషియన్ పాఠం చెప్పే యోగానంద మీద పడింది. గడ్డం పెంచుతున్నాడు. నలుగురితో కలిసి తినడం లేదు. మాటిమాటికీ స్టోరు గది వెనక్కి పోయి ఫోనులో గుసగుసలాడుతున్నాడు. గుర్తులన్నీ సరిపోయాయి. మునిప్రసాద్ గోడవార నక్కి నక్కి వెళ్లి చెవి పెట్టాడు.

యోగానంద వెనక్కి తిరిగి, "ఏంది మాస్టరూ, నా ఎనకాలే తిరగతా ఉండారు?" అన్నాడు.

"ఏం లేదబ్బా. ఎండగా ఉండాది. నీడకొచ్చినా."

"నీడ ఆ పక్కన ఉండాది మాస్టరూ. ఈడ నేను మాత్రమే ఉండా."

తీరా తేలిందేమిటంటే, యోగానందకు పెళ్లి కుదిరింది. గడ్డం కొండమీద తలనీలాలిచ్చే మొక్కు. గుసగుసలు పెళ్లికూతురితో.

రెండో అనుమానం ఇంట్లోనే వచ్చింది. చంద్రకాంతమ్మ కొన్నాళ్లుగా ఫోను చూస్తూ పెదవులు కదుపుతోంది. భర్త వస్తే ఫోను బోర్లిస్తోంది. సాయంత్రమైతే ఎవరో కొత్త ఆడవాళ్లతో కలిసి పోతోంది. మునిప్రసాద్ కంచం ముందు కూర్చుని గొంతు సవరించుకుని, "చంద్రా, నిన్నెవురైనా ఏమన్నా గుంపులో చేర్చుకున్నారా?" అని అడిగాడు.

"చేర్చుకున్నారయ్యా. కోలాటం గుంపు. జాతరకు ఆడాల. పాట బట్టీ పడతా ఉండా. నీకు చెప్తే తాళానికి ఈల వేస్తానని వస్తావని చెప్పలా." ఆమె ఇంకో గరిటెడు పప్పుపులుసు వేసి, "గమ్మున తిను" అంది.

ఇంతలో గంగజాతరకు చాటింపు వేశారు. చాటింపు వేశాక జాతర ముగిసేదాకా ఊరివాళ్లు పొలిమేర దాటి రాత్రి గడపకూడదు. అది పెద్దల నాటి కట్టడి. ఆ వారమంతా మొక్కున్నవాళ్లు రోజుకో వేషం కడతారు. బుధవారం బైరాగులు, గురువారం బండ వేషం, శుక్రవారం తోటి, శనివారం దొర, ఆదివారం మాతంగి. మాతంగి రోజున మగవాళ్లు చీర కట్టి, జడ వేసి, అమ్మవారి గుడికి వెళతారు. వేషంలో ఉన్నవాళ్లు ఎదురైన వాళ్లనల్లా తిడతారు. కలెక్టరైనా సరే, కన్నతల్లైనా సరే. తిట్టించుకున్నవాడు కోపం తెచ్చుకోడు, చేతులు జోడిస్తాడు. అది అమ్మవారి నోటి మాట, ఏడాది పీడంతా ఆ తిట్టుతో పోతుందని నమ్మకం.

ఇప్పుడు మునిప్రసాద్ అవస్థ ఊహించుకోండి. ఊరు ఊరంతా వేషం మార్చింది. ఊరు ఊరంతా తిడుతోంది. కృపామణి చెప్పిన గుర్తులు వీధి వీధినా వేపాకు దండలేసుకుని తిరుగుతున్నాయి. "ఇట్లయితే జైలు ఈ ఊరి చుట్టూ కట్టాల" అనుకుని ఆయన వెతకడం మానేశాడు.

సరిగ్గా అక్కడే అసలు పిల్లవాడు కంటి ముందే ఉన్నా ఆయన ఆనవాలు పట్టలేకపోయాడు.

బాలచంద్ర రెండో ఏడాది చదువుతున్నాడు, పదిహేడేళ్లవాడు, కబడ్డీలో కూతకు వెళ్తే పాములా జారి వచ్చేవాడు. తండ్రి లారీ మీద ఎప్పుడూ దూరాల్లోనే ఉంటాడు. తల్లి నవీన మునిప్రసాద్ ఇంటి పక్క వీధిలో జాకెట్లు కుడుతుంది. ఆ పిల్లవాడు కబడ్డీ మానేశాడు. పక్కనున్నవాళ్లతో మాట్లాడడు. ఫోను గుండెకు అదుముకుని తిరుగుతున్నాడు. మునిప్రసాద్ చూశాడు. చూసి, 'జాతర నియమంలో ఉన్నట్టుండాడు, ఎంత భక్తి' అని సంతోషించాడు కూడా.

గురువారం బాలచంద్ర బండ వేషంలో వచ్చాడు. ఒంటినిండా కుంకుమ, చేతిలో వేపరెమ్మ. ఐటీఐ గేటు ముందు పరంధామయ్య టిఫిన్ బండి ఉంది. అక్కడ చేరిన వాళ్లందర్నీ వరసబెట్టి తిట్టాడు. "ఏరా ఈలగా, నీ పొట్టేసుకుని కబడ్డీ నేర్పతావంటరా, గీత దాటేలోపల సూర్యుడు దిగతాడు" అని మునిప్రసాద్‌ను అన్నాడు. అంతకన్నా ఘాటైనవి కూడా అన్నాడు గానీ అవి జాతరకే చెల్లుతాయి. మునిప్రసాద్ కళ్లు మూసుకుని, "తల్లీ, సల్లగా సూడమ్మా" అని దండం పెట్టాడు. ఆ తరవాత బాలచంద్ర పరంధామయ్యను "నీళ్ల చట్నీ నా కొడకా" అన్నాడు. అది మాత్రం అమ్మవారి మాటే అని తినేవాళ్లందరూ ఒప్పుకున్నారు.

ఆ బండి దగ్గర దోసెలు పోసేవాడు జగబంధు, ఒడిశా నుంచి వచ్చిన కుర్రవాడు. తెలుగు ఇంకా నోట్లో సరిగా కుదరలేదు గానీ, ఏ పిల్లవాడికి కారం తగ్గాలో, ఎవడి దగ్గర చిల్లర లేదో ముఖం చూసి కనిపెట్టేవాడు. తిట్టించుకుంటే మంచిదని పరంధామయ్య ముందే చెప్పి ఉంచాడు. అందుకని అట్లకాడ పక్కన పెట్టి, చేతులు జోడించి ముందుకొచ్చి, "నాకు కూడా" అన్నాడు.

బాలచంద్ర గొంతు కొంచెం మారింది. "యాడి నుంచో రైళ్లెక్కి వచ్చినారు. మా గడ్డ మీద మా పనులు మింగతా ఉండారు. మర్యాదగా మూట సర్దుకో. లేకపోతే మేమే సర్దిస్తాం." చదివి వినిపించినట్టు ఉంది. జగబంధు పరమానందంగా "జై గంగమ్మ" అన్నాడు. అందరూ నవ్వారు. మునిప్రసాద్ కూడా నవ్వాడు.

మర్నాడు శుక్రవారం. బాలచంద్ర తలస్నానం చేసి, మామూలు చొక్కా వేసుకుని వచ్చాడు. ఒంటిమీద కుంకుమ రేణువు లేదు. జగబంధు నవ్వుతూ, "బాలూ బాబూ, నీకు నెయ్యి ఎక్కువ" అని దోసె అందించాడు. బాలచంద్ర ప్లేటు తోసేసి, నిన్నటి మాటలే మళ్లీ అన్నాడు. అదే వరస, ఒక్క మాట ముందూ వెనకా కాలేదు.

జగబంధు అలవాటుగా చేతులు జోడించాడు. పిల్లవాడి ఒంటిమీద వేషం కోసం చూశాడు. లేదు. జోడించిన చేతులు మెల్లగా కిందికి దిగాయి. పెనం మీద దోసె మాడిపోతున్నా తియ్యలేదు.

పక్కనే ఇడ్లీ తింటున్న మునిప్రసాద్ ప్లేటు కింద పెట్టేశాడు. జాతర తిట్టుకు ఒక మర్యాద ఉంది. అది అందర్నీ తిడుతుంది, ఎదురుగా నిలబడి తిడుతుంది, సాయంత్రం స్నానంతో కడుక్కుపోతుంది. తిట్టినవాడే రాత్రికి మనింటికొచ్చి మజ్జిగ తాగుతాడు. ఇది అటువంటిది కాదు. ఒక్కరినే పట్టుకుంది. నీళ్లు పోసినా పోలేదు. ఆయన చెయ్యి ఈల మీదికి పోయింది. కానీ ఎవరికి వెయ్యాలి? పిల్లవాడికా? ఇన్నాళ్లు భక్తి అనుకున్న తనకా?

గేటు పక్కకు పోయి కృపామణికి ఫోను చేశాడు. "మేడం, నేను మునిప్రసాద్, తిరపతి ఆటల మాస్టర్ని. ఒక పిల్లోడు దొరికినాడు. ఇప్పుడేం చెయ్యాల?"

"మధ్యాహ్నం చెప్పినాను కదండీ."

"మధ్యాహ్నం నేను... పెరుగు బాగుండింది మేడం."

అటువైపు ఆవిడ నవ్వింది. "అందుకే సార్ నా నంబరు పొద్దున్నే ఇచ్చేస్తా. ఆ పెరుగు మీద గెలిచినోళ్లు లేరు. ఇప్పుడు ఇనండి. అరవొద్దు. ఫోను లాక్కోవద్దు. ఉపన్యాసం చెప్పొద్దు. పక్కన కూసోని అడగండి, వాడు చెప్పేదాకా మీరు గమ్మునుండండి. ఎక్కడో దెబ్బ తిని ఉంటాడు, అది ఏందో సూడండి. ఎవుర్నన్నా కొట్టే మాట వస్తే మటుకు దాచుకోవద్దు, ఎంటనే నాకు చెప్పండి. ఒక్కరే మొయ్యొద్దు."

అన్నిటిలోకీ 'గమ్మునుండండి' అన్నదే కష్టం. మునిప్రసాద్ తన సంగతి తనకు తెలుసు కనుక, దోవలో బెల్లపు పాకం వేసిన పెద్ద చెనిక్కాయల ఉండలు రెండు కొని, ఒకటి నోట్లో పెట్టుకున్నాడు. బాలచంద్ర మైదానం గట్టున ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. పోయి పక్కన కూర్చుని, రెండో ఉండ వాడికి ఇచ్చాడు.

"ఏమైందిరా బాలూ?" అని మాత్రం అడిగి, దవడలకు పని చెప్పాడు.

వాడు ఉండను చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. మాస్టరు నములుతూనే ఉన్నాడు. ఆయన నుంచి ఇంత మౌనం ఎన్నడూ ఎరగని పిల్లవాడు భయపడి, "పన్ను నొప్పా సార్?" అన్నాడు. మాస్టరు అడ్డంగా తలూపాడు. ఇంకాసేపటికి వాడే మొదలుపెట్టాడు. నాయుడుపేట దగ్గర కంపెనీలో అప్రెంటిసు ఇంటర్వ్యూకు పోయాడు. తీసుకోలేదు. గేటులోంచి హిందీ మాట్లాడుకుంటూ కుర్రవాళ్లు లోపలికి పోతుంటే చూశాడు. ఇంటికొస్తే అమ్మ మిషను మీద తల ఎత్తలేదు. కాలేజీలో ఎవరూ అడగలేదు. ఆ రాత్రి ఫోనులో మోహన అనే ఆయన పలకరించాడు. ఆయన్ని ఎప్పుడూ చూడలేదు.

"రోజూ అడగతాడు సార్, 'తిన్నావా తమ్ముడా' అని. ఆ తరవాతే ఏమన్నా చెప్తాడు."

చెనిక్కాయ ఉండ మునిప్రసాద్ నోట్లో చేదయింది. వీడు ఇంటర్వ్యూ నుంచి తిరిగొచ్చిన రోజున తను వీడితో ఏమన్నాడు? లేటుగా వచ్చావని ఈల వేశాడు.

"ఆదివారం మోహనన్న పంపే వ్యాను వస్తాది. సూళ్లూరుపేట దగ్గర ఆ రైళ్లెక్కి వచ్చినోళ్లు షెడ్లలో ఉంటారంట. రాత్రికి ఆడికి పోయి కొంచెం బెదిరిచ్చి వస్తాం. కొట్టేదేం లేదు. కర్రలు ఊరికే."

మునిప్రసాద్ మిగిలిన ఉండను మింగేశాడు. "బాలూ, నువ్వు నాకు చెప్పినావు, అది మంచి పని. కానీ ఇది నేను దాచను. మీ అమ్మకు చెప్తా, ప్రిన్సిపాలుకు చెప్తా, కృపామణి మేడం అని ఉంది, ఆమెకు చెప్తా. నీ ఎనకాల కాదు, నీకు చెప్పే చెప్తా ఉండా. ఆ కర్ర ఎవురికి తగిలినా ముందు ఇరిగేది నీ బతుకే."

"మీరు కూడా వాళ్ల మనిషే" అని వాడు లేచి వెళ్లిపోయాడు. చేతిలో ఉండ మాత్రం పారెయ్యలేదు. మునిప్రసాద్ దాన్ని మంచి గుర్తుగా తీసుకున్నాడు. ఆ రోజుల్లో ఆయనకు గుర్తుల కరువు లేదు.

ఆయన చెప్పినట్టే అందరికీ చెప్పాడు. కృపామణి పోలీసులకు కబురు చేసి, పిల్లవాడి మీద కేసు పడకుండా ముందే అన్నీ మాట్లాడింది. నవీన విని మిషను ఆపి, కొడుకు పక్కన కూర్చుని చాలాసేపు వాడి జుట్టు నిమిరింది. వాడు విదిలించుకోలేదు. చివరికి ఆమె ఒకటే అడిగింది. "చిన్నప్పుడు నీకు అమ్మవారు పోస్తే మాతంగి వేషం కట్టిస్తానని మొక్కినా. ఆదివారం అది తీర్చు నాయనా. తరవాత నీ ఇష్టం."

ఆదివారం బాలచంద్ర పసుపు చీర కట్టుకుని, మల్లెపూల జడతో, చేతినిండా గాజులతో గుడి దోవలో బయలుదేరాడు. కబడ్డీ కాళ్లు కదా, పెద్ద పెద్ద అంగలు. జాతర కోసం ఆ దోవలోకి తెచ్చి పెట్టిన పరంధామయ్య బండి దగ్గరికొచ్చేసరికి కుచ్చిళ్లు జారిపోయాయి. నవీన వెనకెక్కడో జనంలో చిక్కుకుంది. చుట్టూ మగవాళ్లే, చీరలు కట్టినవాళ్లే, ఎవరి చీర వాళ్లు పట్టుకోవడానికే చేతులు చాలడం లేదు. తోడుగా వస్తున్న మునిప్రసాద్ ముందుకొచ్చాడు గానీ కుచ్చిళ్లు ఎటు మడవాలో తెలియక ఈల పట్టుకుని నిలబడ్డాడు.

జగబంధు పెనం దింపాడు. చెయ్యి తుడుచుకుని వచ్చి, మోకాలిమీద కూర్చుని, చకచకా కుచ్చిళ్లు పెట్టి, కొంగు నడుం చుట్టూ తిప్పి బిగించాడు. "మా ఊళ్లో చిన్నపిల్లాడప్పుడు నేను కూడా కట్టినా. దేవుడికి డాన్సు. అమ్మాయి వేషం. ఇట్లా కడితే పరుగెత్తినా ఊడదు" అన్నాడు. పిల్లవాడి ముఖం చూడకుండానే అన్నాడు. తిట్టు ఇంకా గుర్తుండే ఉంటుంది.

బాలచంద్ర నోరు తెరిచాడు.

అప్పుడే వ్యాను వచ్చి ఆగింది. లోపల బయటి ఊళ్ల కుర్రాళ్లు నలుగురైదుగురు. బాలచంద్రను చూసి పగలబడి నవ్వారు. "ఏందిరా ఈ ఆడంగి వేషం? ఎక్కు, టైమైంది."

"మాతంగి వేషం అన్నా. మా గంగమ్మకు మొక్కు."

"మొక్కూ లేదు, గిక్కూ లేదు. రాత్రికి ఆడనే పడుకుని పొద్దున వస్తాం. ఎక్కు."

"చాటింపు వేసినారన్నా. రాత్రికి పొలిమేర దాటి ఉండకూడదు."

"అదంతా ముసలోళ్ల చాదస్తంరా."

బాలచంద్ర తలెత్తి వాళ్లను చూశాడు. మా గడ్డ, మా ఆచారం అని నెలరోజులుగా తన చెవిలో ఊదినవాళ్లు వీళ్లే. "మోహనన్న యాడ?" అని అడిగాడు.

"ఆయన వ్యానెక్కడు. ఫోనులో చెప్తాడు."

వాడు అడుగు వెనక్కి వేశాడు. వ్యానులోవాడు చెయ్యి జాపి మోచెయ్యి పట్టి లాగాడు. రెండు గాజులు పగిలాయి. మునిప్రసాద్ అప్పుడు ఈల వేశాడు. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో అంత పొడుగు ఈల వెయ్యలేదు.

వీధి మలుపులో కోలాటం గుంపు నిలబడి ఉంది. అది మొదలుపెట్టమని సైగ అనుకుని చంద్రకాంతమ్మ హుషారుగా పాట ఎత్తుకుంది. రంగు కర్రలు టకటకమంటూ ఆడవాళ్లు తిరుగుతూ వచ్చి, నడి వీధిలో ఉన్న వ్యాను చుట్టూ వలయం కట్టేశారు. డ్రైవరు హారను కొట్టాడు. వాళ్లు దాన్ని తాళంలో కలుపుకున్నారు. వ్యాను ముందుకు పోలేదు, వెనక్కి పోలేదు. ముందే కబురందిన పోలీసులు తీరిగ్గా నడిచి వచ్చి, పాట అయ్యేదాకా ఆగి, సీట్ల కింద కర్రలు బయటికి తీశారు.

"ఎవురయ్యా ఈల ఏసింది? మేం వరస కట్టకముందే మొదలెట్టించినావు" అని చంద్రకాంతమ్మ చెమట తుడుచుకుంటూ గొణిగింది. మునిప్రసాద్ ఈలను చొక్కాలోకి దాచుకున్నాడు.

ఆ రాత్రి బాలచంద్ర ఫోనులో 'తిన్నావా తమ్ముడా' రాలేదు. మరునాడూ రాలేదు. ఆ నంబరు పనిచెయ్యడం మానేసింది. పిల్లవాడికి అది కూడా దెబ్బే. ఒక్కరోజులో మారిపోతాడని ఎవరూ అనుకోవద్దని కృపామణి చెప్పింది. ఆవిడ అప్పుడప్పుడు వచ్చి వాడితో మాట్లాడి పోతోంది. యోగానంద గడ్డం తీయించుకుని, వాడికి మళ్లీ ఇంటర్వ్యూ పాఠం చెబుతున్నాడు. మునిప్రసాద్ రోజూ వాణ్ణి పిలిచి, ఈల వెయ్యకుండా, "తిన్నావా?" అని అడుగుతున్నాడు. మొదట్లో జవాబు రాలేదు. తరవాత "ఆ" అని వచ్చింది. తరవాత "మీరు తిన్నారా సార్?" అని వచ్చింది. ఆ రోజు మాస్టరు ఇంటికి పోయి గంగమ్మ పటం ముందు కర్పూరం వెలిగించాడు.

జాతర అయిపోయిన కొన్నాళ్లకు ఒక పొద్దున బాలచంద్ర టిఫిన్ బండి దగ్గరికొచ్చి, తల దించుకుని నిలబడ్డాడు. జగబంధు దోసె తిప్పుతూ, "ఏం బాలూ బాబూ, ఇవాళ నాకు ఆశీర్వాదం లేదా?" అన్నాడు. ఎగతాళో, మన్నింపో మునిప్రసాద్‌కు తెలియలేదు. రెండూ కావచ్చు.

బండి పక్కనున్న బకెట్టులో ఎంగిలి ప్లేట్లు నాని ఉన్నాయి. బాలచంద్ర చొక్కా చేతులు పైకి మడిచి, ఒకటి తీసి కడగడం మొదలుపెట్టాడు.

"అన్నా," అన్నాడు తల ఎత్తకుండానే. "నువ్వు తిన్నావా?"